తుపాకిని శుభ్రపరచు సామగ్రి: కొనుటకు ముందు

చేనికాపునకై లైసెన్సు పొంది తుపాకి నుంచుకొన్న సభ్యులు కొందరు, దానిని తుడుచుటకు ఏ సామగ్రి కొనవలెనని మమ్ము అడుగుచున్నారు. అంగడిలో కడ్డీ, కుంచెలు, చమురుసీసా అన్నియు ఒకే పెట్టెలో నమర్చి అమ్ముదురు. పెట్టె చూచుటకు ముచ్చటగానే యుండును గాని, అందులో సగము వస్తువులు మన తుపాకికి పనికిరాకపోవచ్చును. కావున ముందు తుపాకిని చూచి, పిమ్మట పెట్టెను చూడవలెను.

పల్లెలలో నుండు తుపాకులు ముఖ్యముగా రెండు తెగలు. మూతినుండి మందును గుండ్లను దట్టించు నాటుతుపాకి యొకటి; వెనుక విరిచి తూటా పెట్టు పండ్రెండు బోరు తుపాకి రెండవది. ఈ రెంటికిని పట్టు మురికి వేరు. నాటుతుపాకిలో వాడు నల్లమందున సుమారు 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము ఉండును. అది కాలినపుడు కొంత పొగయై పోగా, మిగిలినది మసియు లవణములునై గొట్టమునకు అంటుకొనును. ఈ లవణములు గాలిలోని చెమ్మను పీల్చును. చెమ్మ తగిలిన యినుము త్రుప్పు పట్టును. లవణము నీట కరగును గాని చమురున కరగదు. తుడువక పైపైని చమురు రాచినవాడు త్రుప్పును కప్పిపెట్టుచున్నాడేగాని ఆపుటలేదు. కాబట్టి నాటుతుపాకికి మొదటి సామగ్రి ఏ దుకాణములోను కొననక్కరలేని వేడినీళ్లే. వేడినీటివలన గొట్టము కాగి తడి త్వరగా ఆరును. ఆరిన పిమ్మటనే చమురు.

తూటా తుపాకిలో పొగలేని మందు కాలును గనుక మసి తక్కువ. సీసపు చారలును, ప్లాస్టిక్ బిరడా గల తూటాలైనచో దాని పొరయును గొట్టములో మిగులును. ఇవి నీటికి వదలవు. దీనికి కంచుతీగెల కుంచెయు, మురికిని కరగించు ద్రావకమును అవసరము.

కడ్డీ సంగతి చెప్పెదము. అది గొట్టముకంటె జానెడు పొడవుగా నుండవలెను. మూడు ముక్కలు బిగించు కడ్డీ సంచిలో నిముడును గాని, అతుకుల అంచులు గొట్టమును గీయును. ఒకే ముక్కగా నున్న గట్టికొయ్య కడ్డీయో యిత్తడి కడ్డీయో మేలు. వాడిన ప్రతిసారి కడ్డీని తుడువవలెను. మెత్తని లోహమున ఇసుక రేణువు గ్రుచ్చుకొన్నచో అదియే ఆకురాయి యగును. తనంతట తిరుగు పిడి గలదని యెక్కువ వెల చెప్పుదురు. అది గొట్టములో మెలిక చాళ్లుగల రైఫిలుకు వలయునుగాని నున్నని గొట్టమునకు అక్కరలేదు.

పండ్రెండు బోరనగా, గొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగునని అర్థము. వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదునారు బోరు అంతకంటె సన్నన. అంకెను చూచి కుంచెను కొనవలెను. ఒకదాని కుంచె మరియొకదానికి వదులో బిగువో యగును. ఉక్కుతీగెల కుంచెను ఊరక యిచ్చినను తీసికొనరాదు. చేతిపనివాడు చేసిన నాటుతుపాకికి ఈ అంకెలు నమ్మదగినవి కావు. పైగా దాని అడుగు మూసియుండును. తీగెకుంచె లోన చిక్కినచో వెలికి తీయుట కష్టము. కడ్డీ చివర తడిగుడ్డ చుట్టుటయే అచట తగిన పని. ఆ గుడ్డ లోపల జారిపోయినపుడు పట్టి లాగుటకు, కడ్డీ చివర బిగించు మెలికతీగె యుండవలెను. మా యెంచికలో నాటుతుపాకి సామగ్రికి ఇదియే ప్రాణము. గుడ్డపేలిక లోన మిగిలియుండగా కాల్చినచో గొట్టము పగిలి చేయో కన్నో పోవును. కేపు తొడుగు బొడిపెను విప్పుటకు సరిపడు బిగిపట్టుయు, దాని రంధ్రమును పొడుచుటకు సన్నని సూదియు కూడ కొనవలెను.

చమురు విషయమున మనవారికి పొదుపు ఎక్కువ. కొబ్బరినూనె, ఆముదము రాయుదురు. అవి కొన్నాళ్లకు జిగురై గట్టిపడును. ఇంజనులో వాడి తీసిన చమురున మసియు ఆమ్లములును ఉండును. కిరసనాయిలు మురికిని వదలించును గాని ఆరిపోవును. ఇనుమునకు రక్షణ మిగులదు. పలుచని ఖనిజతైలము, కుట్టుమిషనుకు వేయునదైనను సరే, పొరవలె రాచిన చాలును. ఎక్కువైనచో బొడిపె రంధ్రమున దిగి కేపు పేలినను మందు అంటుకొనదు. చింతపండు, ఇటుకపొడి బిందెలకే యుంచవలెను.

తుడుచుటకు కూర్చుండుటకు ముందు మందును తూటాలను వేరొక గదిలో నుంచవలెను. బీడీ, దీపము దగ్గర నుండరాదు. నాటుతుపాకి ఖాళీగా నున్నపుడు కడ్డీని అడుగంట దించి, మూతియొద్ద కడ్డీపై గాటు పెట్టుకొనవలెను. మరల దించినపుడు గాటు మూతికి పైన నిలిచినచో లోన మందు గలదని తెలియును. తుడిచిన తుపాకిని తోలుసంచిలో దాచరాదు. తోలు చెమ్మను పట్టియుంచును. వానకాలమున వాడకపోయినను పక్షమున కొకసారి తీసి చూచుట మంచిది.

సంఘము తరఫున ఊరికొక కడ్డీ, చమురుడబ్బా కొని వంతులవారీగా వాడుకొనవచ్చునా యని యడిగిరి. వాడుకొనవచ్చును. కాని కడ్డీయే యింటింటికి తిరుగవలెను, తుపాకి తిరుగరాదు. లైసెన్సు లేనివాని చేతికి తుపాకి నిచ్చుట 1959 ఆయుధముల చట్టము ప్రకారము నేరము. లైసెన్సు ఉన్నంతమాత్రమున అడవిపందిని చంపు హక్కు లేదనియు, దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వేరే యనుమతి కావలెననియు ఈ సందర్భమున జ్ఞాపకము చేయుచున్నాము.

సామగ్రి కొనుటకు పట్టణము పోవునపుడు తుపాకిని వెంట తీసికొని పోనక్కరలేదు. గొట్టము పొడవును దారముతో కొలిచి, మూతి వెడల్పునకు సరిపడు వెదురుపుల్లను కోసికొని, తుపాకిపై బోరు అంకె యున్నచో దానిని వ్రాసికొని పోయిన చాలును.