బొమ్మను నేసే గొట్టం

మీ ఇంట్లో అటక మీద పాత డబ్బా టీవీ ఉందా? ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ఆ టీవీని పాత సామాన్ల బండికి వేసేద్దామని అమ్మ అంటూ ఉంటుందేమో! కాస్త ఆగండి. ఆ డబ్బా తేలికగా చేసే ఒక పనిని నేటి పలుచని తెర సరిగా చేయలేదు. మీ చిన్నాయనా, మేనమామా బడి రోజుల్లో ఆడిన వీడియో ఆటల బొమ్మను ఉన్నది ఉన్నట్లు చూపడమే ఆ పని.

ఆనాటి ఆటయంత్రాలు ఇప్పుడు అరుదు. అయితే కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ఆ యంత్రంలాగే నటించి ఆటను నడపగలదు. దీన్ని ఎమ్యులేటర్ అంటారు. ఆట బాగానే నడుస్తుంది. కాని కొత్త తెర మీద బొమ్మ మసకగానో, ఎగుడుదిగుడుగానో కనిపించవచ్చు. ఎందువల్ల?

కరీంనగర్ నుంచి సిరిసిల్ల వెళ్ళి మరమగ్గం చూసినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. మగ్గం మీద పడుగు దారాలు పరచి ఉంటాయి. వాటి మధ్య నుంచి నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ పేక దారం వేస్తుంది. వరుస తరువాత వరుస చేరి గుడ్డ అవుతుంది.

టీవీలోని పిక్చర్ ట్యూబు కూడా బొమ్మను ఇలాగే నేస్తుంది. ఇక్కడ నాడె ఎలక్ట్రాన్ల పుంజం. గొట్టం మెడలో పుట్టిన ఈ పుంజాన్ని అక్కడి తీగచుట్టల అయస్కాంత క్షేత్రం పక్కలకూ, కిందికీ వంచుతుంది. తెర లోపలి ఫాస్ఫర్ పూతకు పుంజం తగిలినచోట వెలుగు పుడుతుంది. రంగుల టీవీలో ఇటువంటి పుంజాలు మూడు. నాడె పోతూ వస్తూ దారం వేస్తుంది. పుంజం మాత్రం ఎడమ నుంచి కుడికి గీత గీసి, ఖాళీగా వెనక్కు వచ్చి మరో గీత మొదలుపెడుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. మన దూరదర్శన్ పాటించిన పద్ధతిలో పుంజం సెకనుకు 15,625 గీతలు గీస్తూ, 50 సార్లు పై నుంచి కిందికి దిగుతుంది. భాగించి చూడండి. ఒక్కో దిగుడుకు 312.5 గీతలు! ఈ అర గీత పొరపాటు కాదు, ఉపాయం. దానివల్ల రెండో దిగుడు గీతలు మొదటి దిగుడు గీతల సందుల్లో పడతాయి. రెండూ కలిసి 625 గీతల బొమ్మ అవుతుంది.

జపాను టీవీ పద్ధతిలో గీతలు 525, దిగుళ్ళు సెకనుకు సుమారు 60. అంటే దిగుడుకు 262.5 గీతలు. 1983లో అక్కడ వచ్చిన నింటెండో ఫ్యామికామ్ ఆటయంత్రం ఆ అరను వదిలేసి 262 గీతలే పంపింది. ఇక ప్రతి దిగుడూ ముందటి గీతల మీదే పడుతుంది, సందులు నల్లగా మిగులుతాయి. ఆట బొమ్మలో అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240 వరుసలు. ఆ 240 వరుసలకు సరిగ్గా 240 గీతలు! తక్కిన 22 గీతల వేళలో పుంజం మళ్ళీ పైకి చేరుకుంటుంది.

నేటి తెరలో చుక్కల వరుసలు తయారీలోనే స్థిరంగా అమర్చి ఉంటాయి. 1080 వరుసల తెరను తీసుకోండి. 1080ని 240తో భాగిస్తే 4.5. ఒక వరుసకు నాలుగు, ఇంకొకదానికి ఐదు ఇస్తే బొమ్మ ఎగుడుదిగుడు. సగాలను కలిపేస్తే మసక. సమంగా నాలుగేసి ఇస్తే 960 వరుసలే నిండి, పైనా కిందా 60 వరుసల నల్ల పట్టీలు మిగులుతాయి. పిక్చర్ ట్యూబుకు ఈ చిక్కు లేదు. తన పరిమితిలో ఎన్ని గీతలు పంపితే అన్నీ గీస్తుంది.

అయితే కంప్యూటరును డబ్బా టీవీకి తగిలిస్తే చాలునా? చాలదు. కంప్యూటరు మామూలు వీజీఏ సంకేతం సెకనుకు సుమారు 31,500 గీతలు. టీవీ అందుకోగలిగేది అందులో సగమే. వేగం కుదరకపోతే బొమ్మ చీలికలై కదిలిపోతుంది. అందుకని 262 గీతలు, 60 దిగుళ్ళు పంపేలా కంప్యూటరును సర్దుతారు. 262ను 60తో గుణిస్తే 15,720. సరిపోయింది! టీవీ మాత్రం 60 దిగుళ్ళను అంగీకరించేదై ఉండాలి.

టీవీ బదులు డబ్బా మానిటరు ఉంటే? దానికి సాధారణంగా ఇంత తక్కువ వేగం పనికిరాదు. అప్పుడు ప్రతి బొమ్మనూ రెండేసిసార్లు, సెకనుకు 120 దిగుళ్ళుగా చూపితే 31,440 గీతలు అవుతాయి. చూశారా, గుణకారం ఎంత పని చేసిందో!

ఒక హెచ్చరిక. టీవీ మూత ఎన్నడూ విప్పకండి. రంగుల గొట్టంలో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. లోపల శూన్యం కనుక గొట్టం పగిలితే గాజుముక్కలు ఎగిరిపడతాయి. ఆ గాజులో సీసం కూడా ఉంటుంది.

ఇళ్ళ టీవీల కోసం కొత్త పిక్చర్ ట్యూబులు ఇప్పుడు రావడం లేదు. ఉన్నవి ఒక్కొక్కటే తుక్కులోకి పోతున్నాయి. ఆట ప్రోగ్రామును ఎన్ని నకళ్ళయినా తీసి దాచవచ్చు. దాన్ని నేసే మగ్గాన్ని అలా దాచలేం. కనుక మీ టీవీ ఇంకా పనిచేస్తూ ఉంటే, అమ్మేముందు ఒకసారి వేసి, దాని తెరను సెల్‌ఫోనుతో వీడియో తీయండి. నల్లని పట్టీలు పాకుతూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కంటికి నిండుగా కనిపించే బొమ్మ నిజానికి గీత గీతగా తయారవుతోందని అవే సాక్ష్యం.