పాత ఆసనముల యెంపిక: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల పీటలు, కుర్చీలు

కూర్చుండు వస్తువులకు తెలుగున గల పేళ్లు ఒక కాలమున పుట్టినవి కావు. పీట సంస్కృతపు పీఠశబ్దమునుండి ప్రాకృతము మీదుగా వచ్చినది. కుర్చీ అరబ్బీ 'కుర్సీ'. పారసీ, ఉర్దూల ద్వారా మనకు చేరినది. స్టూలు, బెంచీ ఆంగ్లేయుల వెంట వచ్చినవి. వీనిలో పలుకుబడిలోనికి లోతుగా దిగినది పీటయే. పెండ్లి పీటలమీద జరుగును. ఆదరింపదలచిన దానికి పెద్దపీట వేయుదుము. కుర్చీని మాత్రము అధికారపు వాసన నేటికిని వదలలేదు. దానికొరకు కొట్లాడుదురు, దొరికినచో పట్టుకొని వ్రేలాడుదురు.

పాత ఆసనములను వెదకి తెచ్చి యింట నుంచుకొను అభిరుచి నేడు నగరవాసులలో పెరిగినది. అందుకై పాలమూరు దక్షిణభాగమునకు వచ్చువారు మొదట అడుగునది సంస్థానపు కుర్చీ. విచారణ అక్కడ ఆరంభము కారాదని మా యభిప్రాయము. ఆసనమున ముందు చూడవలసినది చెక్కడము కాదు, ఎత్తు. ఎత్తు తెలిసినచో ఆ వస్తువు ఏ పనికై చేయబడినదో తెలియును. మన యింట దానికి పని యున్నదో లేదో కూడ అప్పుడే తేలును.

భోజనపు పీట సాధారణముగా రెండు మూడు అంగుళముల యెత్తే యుండును. విస్తరి నేలమీద నున్నంతకాలము అంతకు మించిన యెత్తు తినువానికి అడ్డు. ఈలపీట మరియు నేలకు దగ్గర. కూర్చున్నవారి బరువే దానిని కదలనీయదు, కావుననే రెండు చేతులును కూరగాయకు ఒదవును. పాలు పితుకుటకు, పొయ్యి యెదుట కూర్చుండుటకు జానెడు ముక్కాలిపీట చాలును. బల్లయెదుట కూర్చుండు కుర్చీకి 16 మొదలు 18 అంగుళములు వలయును. గద్వాలలోని గుంటమగ్గము కడ ఈ లెక్క సున్నకు దిగుచున్నది. నేతగాడు గుంట అంచున నేలమట్టముగా కూర్చుండి, కాళ్లను గుంటలోనికి దించి త్రొక్కుచు నేయును. నూలు నేతకు పట్టుటంచులను కలుపు గద్వాల చీర పుట్టినది ఆ యాసనముమీదనే. దానిని ఏ వర్తకుడును బండికెత్తి అమ్మజాలడు.

ముక్కాలిపీటను గూర్చి కొంత చెప్పవలెను. మూడు కాళ్లు ఎంతటి మిట్టపల్లముల నేలమీదనైనను ఒక్కసారిగ ఆనును. నాలుగవ కాలు వచ్చినతోడనే సమతలము కావలసివచ్చును. లేనిచో పీట ఊగును. మట్టినేలలు, మట్టముగా పరువని బండలు గల పాత యిండ్లలో ముక్కాలిపీట యేల నిలిచినదో దీనివలన విశదము. దాని దోషమును చెప్పక తప్పదు: కూర్చున్నవాని బరువు మూడు కాళ్ల నడిమి త్రికోణమును దాటినచో అది బోర్లపడును. నున్నని పలకలు పరచిన నేటి గదిలో పసిపిల్లలు ఎక్కుటకు దానిని విడువరాదు. కుండీ నిలుపుటకు, ఒకరు కూర్చుండి పూలు గ్రుచ్చుటకు దానిని మించినది లేదు.

ఇక కుర్చీలు. గద్వాల, వనపర్తి సంస్థానములును, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపురము రాజధానిగా వెలసిన జటప్రోలు సంస్థానమును నిజాము రాజ్యములోనివి. 1948లో ఆ రాజ్యము భారతదేశమున చేరెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. వనపర్తి ప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ నెలకొనెను. 'రాజుగారి యింటిది' యను మాట నాటినుండియే వస్తువునకు వెల కట్టు మాట యైనది. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తెలియుటకు ఒక యుదాహరణము చాలును. సన్నని వంపుకొయ్యతో, గుండ్రని పేము గద్దితో తేలికగా నుండు కుర్చీ పలువురకు పరిచితమే. జర్మనీలో పుట్టి వియన్నాలో స్థిరపడిన మైకేల్ థోనెట్ 1859లో వెలువరించిన 14వ సంఖ్య కుర్చీ దీనికి మూలము. ఆవిరితో వంచిన బీచికొయ్య, ఆరు ముక్కలు, కొన్ని మరమేకులు: ఇంతే దాని నిర్మాణము. విడదీసినచో ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టెడివి. అట్లు అది లోకమంతయు వ్యాపించినది. అనుకరణములును లెక్కకు మిక్కిలి. హైదరాబాదు ఇరానీ చాయి దుకాణములలోనిది ఈ జాతి కుర్చీయే. కావున అట్టి కుర్చీని చూపి రాజసభలోనిదని చెప్పినచో, ఆ వంపులలో దానిని రుజువుచేయునది ఏదియు లేదు. గద్ది చట్రము లోపలి యంచున తయారీదారు ముద్రగాని కాగితపు చీటిగాని మిగిలినదేమో చూచుట మేలు.

ఇంకొకటి కూడ మరువరానిది. తెలంగాణపు పల్లెలలో దొర దారిన పోవునప్పుడు అరుగుమీద, మంచముమీద కూర్చున్నవారు లేచి నిలువవలసిన కాలము ఒకటి యుండెను. గడీ యెదుట కుర్చీ ఒక్కరిది, నేల అందరిది. చేతులు చాచిన పెద్దకుర్చీని ముందుగదిలో నిలిపి మురియువారికి ఈ సంగతి తెలిసియుండుట యుక్తము. వలదని మేము చెప్పుట లేదు. నులకమంచమును, పీటను దానికంటె తక్కువ వెలకు, తక్కువ గౌరవముతో కొనుచుండుట మాత్రము మాకు వింతగా తోచును.

వస్తువు పాతదో, పాతగా చేయబడినదో యెట్లు తెలియును? కూర్చుండు పలకను తిరుగవేసి చూడవలెను. పైభాగమునకు పూసిన రంగు, మెరుగు మోసగించును గాని, అడుగుభాగమును మరుగుపరుప శ్రమపడువారు అరుదు. బాడిసె గాట్లు, చిత్రిక చారలు ఒకే కొలతలో నుండవు. యంత్రపు రంపపు గీతలు సరిసమానముగా నుండును. కుసి బెజ్జములో దిగి కొయ్యచీలతో బిగిసినచోట చీల తల కొంచెము పైకి తేలియుండుట మంచి గురుతు. కొయ్య ఆరినకొలది అడ్డముగా కుంచించుకొనును, చీల నిలువున తగ్గదు. ఆ కారణముచేతనే గుండ్రముగా తరిమెన పట్టిన పాత పీట రెండు వైపుల కొలిచినచో ఒకవైపు రవంత తక్కువ తేలును. అరుగుదల అరచేయి ఆనుచోట, పాదము మోపు అడ్డుకొయ్యమీద నుండవలెను. అంతట నొక్కతీరుగా నున్నచో అది రాపిడి కాగితపు పని. పేము అల్లికకు వేరొక పరీక్ష కలదు: చేతి యల్లికకు చట్రమున వరుసగా రంధ్రములుండును, యంత్రమున నేసిన పేముచాపను గాడిలో నొక్కి బిగింతురు. అల్లిక క్రొత్తదైనను దోషము లేదు. అది ఎన్నడైనను మార్చవలసినదే.

అసలు చిక్కు పాతకొయ్యతో చేసిన క్రొత్తవస్తువుతో వచ్చును. శ్రీశైలము జలాశయముకొరకు 1981 ప్రాంతమున కృష్ణాతీరపు గ్రామములు పెక్కు ఖాళీయైనవి. ముంపువలననైననేమి, పాడువడుటవలననైననేమి, ఇల్లు విప్పినపుడు దూలములు, ద్వారబంధములు మొదట బండికెక్కును. నూరేండ్ల టేకు స్తంభమును కోసి నిన్న చేసిన బెంచీలో కొయ్య వయస్సు నిజము, బెంచీ వయస్సు అబద్ధము. ఏ పనియు లేని బెజ్జములు, పూడ్చిన గాళ్లు, ఎక్కడికిని చేరని గొలుసు గుర్తులు దాని పూర్వజన్మను చెప్పును. అట్టి బెంచీ గట్టిదే, కొనదగినదే. వెల మాత్రము బెంచీకి ఈయవలెను గాని నూరేండ్లకు కాదు. నిజముగా నూరేండ్లు దాటిన శిల్పవస్తువు 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టమునకు లోబడవచ్చును. పురావస్తువుల వ్యాపారమునకు అనుమతిపత్రము కావలెను. వానిని విదేశములకు పంపుట వ్యక్తులకు నిషిద్ధము. విదేశమునందలి పిల్లల యింటికి పంపదలచినవారు ముందుగనే విచారించుకొనుట మంచిది.

కొనిన పిదప జరుగు అపకారము తరచుగా రంపముతో జరుగును. మోకాళ్ల నొప్పిగల పెద్దలకు జానెడు పీట పనికిరాదని దానికి క్రొత్తకాళ్లు అతికింతురు. పడకకుర్చీ ఎత్తైనదని కాళ్లు కోయింతురు. కోసిన కాలు మరల రాదు, వాలు చెడిన కుర్చీలో నడుము నిలువదు. పీట తక్కువైనచో దానిక్రింద విడిగా దిమ్మె నుంచవచ్చును, కుర్చీ ఎత్తైనచో పాదములకు మరొక పీట వేయవచ్చును. ఇంటి పెద్దలను అంగడికి వెంటగొనిపోయి, బేరమునకు ముందు ఒక గడియ కూర్చుండబెట్టి, లేవమని చూడవలెను. చేతి ఊత లేక లేవగలిగినచో ఆ యెత్తు వారికి సరిపోయినది.