ఇసుక మీద రాసిన చిరునామా

జైసల్మేర్ జిల్లా ఇసుక దిబ్బల మీద రాత్రి ఏం జరిగిందో తెలుసుకోవాలంటే సూర్యోదయం అయిన గంట, గంటన్నరలోపే వెళ్లాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నంతసేపే ఇసుక మీది చిన్న చిన్న గుంతలకు నీడ ఉంటుంది. పొద్దెక్కితే నీడ పోతుంది, గాలి లేస్తే గుంతలే పోతాయి.

ఆ వేళ దిబ్బ వాలు మీద ఎన్నో జాడలు కనిపిస్తాయి. నల్ల పురుగుల కాళ్లు కుట్టిన చుక్కల వరసలు, ఎడారి ఎలుకల గెంతులు, బల్లి తోక ఈడ్చిన సన్నని గీత. వాటి మధ్య కొన్నిచోట్ల ఒకదానికొకటి తగలకుండా, సమాంతరంగా, ఒక కొన కాస్త వంగిన ఏటవాలు గీతలు మెట్లలా పేర్చినట్టుంటాయి. అవి కనబడితే కెమెరా పట్టుకున్న మనిషి ముందు తన కాళ్ల చుట్టూ చూసుకోవాలి. ఆ గీతలు రంపపు పొలుసుల పింజరవి. తెలుగునాట చిన్న పింజర అని కూడా అంటారు. దీని బంధువులు మన మెట్ట ప్రాంతాల్లోనూ ఉన్నాయి.

మామూలుగా పాము పొట్టను నేలకు ఆనించి, నేలను వెనక్కి నెట్టుకుంటూ ముందుకు పోతుంది. వదులు ఇసుకలో అలా నెడితే ఇసుకే జారిపోతుంది. అందుకే ఈ పింజర ఒంట్లో కొంత భాగాన్ని గాలిలోకి ఎత్తి పక్కకు వేస్తుంది, ఆనించిన భాగాన్ని మాత్రం జారనివ్వదు. ఒక్కో ఆనింపు ఒక్కో గీత. అమెరికా ఎడారుల్లో ఇలాగే కదిలే ఒక గిలక పాము మీద 2014లో వెలువడిన పరిశోధన ఒక సంగతి తేల్చింది. వాలు నిటారుగా ఉన్నకొద్దీ ఆ పాము ఇసుకను మరింత గట్టిగా నొక్కదు. తన శరీరంలో ఇసుకకు ఆనే భాగం పొడవును పెంచుకుంటుంది. దానివల్ల ఇసుక జారదు.

గీతలు చాలాసార్లు ఏదో ఒక పొద మొదట్లో ఆగిపోతాయి. పాము అక్కడ ఇసుకలో ఒళ్లు దాచుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి ఉండవచ్చు. బెదిరితే ఒంటిని చుట్టలుగా తిప్పి, పక్కల ఉన్న రంపపు పొలుసులను ఒకదానితో ఒకటి రాస్తుంది. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్‌మంటుంది. బుసకొట్టి ఊపిరిలోని తేమను పోగొట్టుకోకుండా ఈ పద్ధతి అబ్బి ఉంటుందని ఒక అంచనా. ఆ చప్పుడు వినిపించిందంటే ఫొటోగ్రాఫర్ అప్పటికే మరీ దగ్గరికి వెళ్లినట్టు లెక్క.

ఇక్కడ కాటు పడితే కష్టం రెండు రకాలు. ఆసుపత్రి దూరం మొదటిది. రెండోది విషానికి సంబంధించినది. మన దేశంలో దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల పింజరల విషంతో తయారవుతుంది. ఆ విషం చాలావరకు తమిళనాడులో సేకరించినదే. థార్‌లో ఉన్న పింజర వేరే ఉపజాతి. ఇలాంటి ప్రాంతీయ పాముల విషాల మీద మార్కెట్లోని యాంటీవెనమ్‌ల పనితీరు ఆందోళన కలిగించేలా ఉందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2019లో చూపారు. అయినా కాటుకు ఉన్న మందు అదొక్కటే. కోయడం, కట్టు బిగించడం, నాటుమందు కోసం ఆగడం వంటివి చేయకుండా, కాటు పడిన కాలో చెయ్యో కదలనివ్వకుండా ఆసుపత్రికి చేరాలి.

పొద్దెక్కాక కథ మారుతుంది. వేసవి మధ్యాహ్నం ఇసుక పైపొర మీద అరికాలు ఆనించలేం. కానీ పొడి ఇసుక వేడిని లోపలికి పంపడంలో చాలా బద్ధకం చూపుతుంది. పగలూ రాత్రీ మధ్య ఉష్ణోగ్రతలో కనిపించే ఊగిసలాట 7, 8 సెంటీమీటర్ల లోతుకే మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. 30 సెంటీమీటర్ల లోతులో దాదాపు ఏమీ మిగలదు. మొక్కలు తిని బతికే ముళ్ల తోక బల్లి మీటరుకు పైగా సాగే బొరియ తవ్వుకోవడంలోని తెలివి ఇదే. పొద్దున బయటికొచ్చి ఎండ కాగుతుంది, మేస్తుంది, వేడెక్కగానే లోపలికి పోతుంది. దాని రోజులో బయట గడిపే వేళ కొద్దిగానే ఉంటుంది.

ఆ కొద్ది వేళలోనే కెమెరా కూడా వస్తుంది. ఫొటో కోసం బొరియ మూతి దగ్గర కూర్చుంటే బల్లి వేడి నేల మీదే చిక్కుకుపోతుంది. కొందరు ఇంకా ముందుకు వెళ్తారు. పట్టుకుని టోపీ కింద కప్పి నిమ్మళింపజేయడం, ఐస్ పెట్టెలో పెట్టి మందగింపజేయడం, తర్వాత అందమైన రాయి మీద కూర్చోబెట్టడం. రక్షిత జాతుల విషయంలో అనుమతి లేకుండా పట్టుకోవడమే నేరం. శాస్త్రపరంగా చూసినా ఆ ఫొటో పనికిరాదు. చాలా తొండల ఒంటి రంగు వేడిని బట్టి, బెదురును బట్టి మారుతుంది. ఐస్ పెట్టెలోంచి తీసిన తొండ రంగు ఎడారి తొండ రంగు కాదు. దూరం నుంచి పొడవాటి లెన్స్‌తో తీసిన, కాస్త మసకబారిన ఫొటోలోనే నిజం ఎక్కువ.

కప్పతల తొండ విషయంలో ఇది మరీ ముఖ్యం. శాస్త్రానికి ఇది 1978లో పరిచయమైంది. 1971 యుద్ధంతో పేరు తెలిసిన లోంగేవాలా ఊరి పేరే దీని శాస్త్రీయ నామంలో ఉంది. అరచేతిలో ఇమిడే చదునైన ఈ జీవి ఒంటిని పక్కలకు అదిలిస్తూ క్షణాల్లో ఇసుకలో మునిగిపోతుంది. భారత, పాకిస్థాన్‌ల థార్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అందులోనూ కదిలే వదులు ఇసుకే కావాలి. కాలువ నీళ్లు, చెట్ల పెంపకం దిబ్బలను కదలకుండా చేసిన చోట దానికి నిలువ నీడ ఉండదు. పచ్చదనం అంటే మేలే అనుకునే మనకు ఇది కొంచెం మింగుడుపడని సంగతి.

అందుకే ఫలానా దిబ్బ మీద ఫలానా రోజున ఇది కనిపించిందని చెప్పే ఒక్క ఫొటో కూడా పరిశోధకులకు విలువైనదే. అయితే ఆ ‘ఫలానా దిబ్బ’ ఎవరెవరికి తెలియాలి?

ముళ్ల తోక బల్లిని దాని కొవ్వు కోసం చంపుతారు. దానితో చేసే ‘సాండా నూనె’ను మగతనానికి, కీళ్ల నొప్పులకు మందని అమ్ముతారు. అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. చట్టం రక్షిస్తున్నా వేట ఆగలేదు. బొరియ ఎక్కడుందో తెలిస్తే చాలు, మిగతా పని పారతో అయిపోతుంది. చైనాలో 1999లో కొత్త జాతిగా వర్ణించిన ఒక గుహ బల్లికి ఇదే గతి పట్టింది. దాని చిరునామా శాస్త్ర పత్రికలో అచ్చయ్యాక పెంపుడు జంతువుల వ్యాపారులు ఎగబడ్డారు, ఆ చోట బల్లి కనిపించకుండా పోయింది.

ఫోన్ తీసిన ప్రతి ఫొటోలోనూ, లొకేషన్ ఆన్‌లో ఉంటే, అక్షాంశ రేఖాంశాలు చేరిపోతాయి. ఐనాచురలిస్ట్ వంటి పౌర విజ్ఞాన వేదికలు ముప్పున్న జాతులకు కచ్చితమైన బిందువును దాచి, సుమారు 20 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఉన్నట్టు చూపిస్తాయి. సామాజిక మాధ్యమాలకు నేరుగా పెట్టే ఫొటోలకు ఆ కాపలా లేదు. ఫొటో వెనుక కనిపించే గాలిమర, గుడి, మైలురాయి కూడా దారి చెప్పేస్తాయి.

జైసల్మేర్, బార్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్లు పరచుకున్న ఎడారి జాతీయ ఉద్యానంలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అనుమతితో వెళ్లి వచ్చినవారి నోటు పుస్తకంలో ఉండదగినవి తేదీ, వేళ, ఎండా నీడా, ఏ మొక్క పక్కన, జీవి ఏం చేస్తోంది అన్నవి. లోకానికి చూపే ఫొటో కింద జిల్లా పేరు రాస్తే సరిపోతుంది. దిబ్బ ఎక్కడుందో పరిశోధకులు అడిగినప్పుడు విడిగా చెప్పవచ్చు.