కిడ్నీ కొత్తదైనా మూత్రాశయం పాతదే!

గుణదల: ఎ.కొండూరు తండాల వారికి కిడ్నీ జబ్బు కొత్త కాదు. కిడ్నీ మార్చినా మూత్రాశయం పాతదే ఉంటుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. కొత్త కిడ్నీని పొత్తికడుపులో అమర్చి, దాని గొట్టాన్ని రోగి సొంత మూత్రాశయానికే కలుపుతారు. మురుగు కాలువ పూడితే నీరు చేలోకి ఎగదన్నుతుందని డెల్టా రైతుకు వేరే చెప్పాలా? ఇక్కడా అంతే. మూత్రాశయం సరిగా ఖాళీ కాకుంటే ఒత్తిడి పెరిగి కొత్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది.

అందుకే షుగరు ముదిరినవారికి, వెన్నుకు దెబ్బ తగిలినవారికి, పుట్టుకతో మూత్రనాళంలో అడ్డున్నవారికి ముందే పరీక్ష చేస్తారు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూస్తారు. అవసరమైతే సన్నని గొట్టంతో నీరు నింపి ఒత్తిడి కొలుస్తారు. కాస్త ఇబ్బందే గాని కోత లేదు. సిగ్గుపడి దాచితేనే చేటు. డయాలసిస్‌పై ఏళ్లుగా మూత్రం రాక కుంచించుకుపోయిన మూత్రాశయం చాలామందిలో మార్పిడి తర్వాత మళ్లీ సాగుతుంది. ఖాళీ కానివారికి రోజూ గొట్టంతో మూత్రం తీసుకోవడం నేర్పుతారు.