మసీదుకు వంద మీటర్లు: మద్యం షాపు రూల్స్ రాసేదెవరు, చూసేదెవరు?

అచ్యుతాపురం జంక్షన్‌లో షిఫ్ట్ వదిలే టైముకి నిలబడితే సెజ్ బస్సులు దిగే జనం కనిపిస్తారు. కంపెనీలు వచ్చాక చుట్టుపక్కల అద్దె గదులు పెరిగాయి, బయటి రాష్ట్రాల కుర్రాళ్లూ పెరిగారు. నెల జీతం చేతికొచ్చే చోట మద్యం షాపుకి గిరాకీ తప్పదు. అలాంటి షాపు ఒకటి మసీదు సందు మొదట్లోనే తెరిచారనుకోండి. మక్తబ్‌కి వెళ్లే పిల్లలు, మార్కెట్‌కి వెళ్లే ఆడవాళ్లు రోజూ ఆ దారినే నడవాలి. ఇలా జరిగినప్పుడు జమాత్ పెద్దలు ముందుగా ఎమ్మెల్యే దగ్గరికి పరిగెడతారు. కానీ ఆ షాపు అక్కడ ఉండొచ్చా లేదా అనేది తేల్చేది ఎక్సైజ్ నిబంధనల్లోని నాలుగైదు లైన్లు.

మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి మూలం 1968 నాటి ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా అమ్మకూడదు, అమ్మితే శిక్ష ఉంటుంది లాంటి పెద్ద విషయాలు చట్టంలో ఉంటాయి. షాపు ఎక్కడ పెట్టాలి, ఎన్ని గంటలకు మూయాలి, ఫీజు ఎంత అనేవి మాత్రం నిబంధనల్లో ఉంటాయి. వాటిని రాసుకునే అధికారాన్ని చట్టంలోని 72వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. జీవో వస్తుంది, గెజిట్‌లో అచ్చవుతుంది, అమల్లోకి వస్తుంది. తర్వాత సభ ముందు పెడతారు గానీ, దాని మీద సభలో గట్టి చర్చ జరిగేది తక్కువే. జనం జీవితాన్ని రోజూ తాకే సంగతులన్నీ చర్చ లేని కాగితంలో ఉండటం విచిత్రమే.

అయితే ఈ అధికారానికీ హద్దు ఉంది. 2019 అక్టోబరు నుంచి షాపులను ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే నడిపింది. 2024లో మళ్లీ ప్రైవేటు వాళ్లకు ఇవ్వాలనుకున్నప్పుడు ఒక్క జీవోతో పని జరగలేదు. 1993 నాటి మద్యం వ్యాపార నియంత్రణ చట్టాన్నే మార్చాల్సి వచ్చింది, అందుకే ముందు ఆర్డినెన్స్ తెచ్చారు. షాపులు ఎవరి చేతిలో ఉండాలన్నది చట్టం మాట. ఆ తర్వాత 3,396 షాపులు, లాటరీ, 2 లక్షల దరఖాస్తు ఫీజు, ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకు అమ్మకం, ఇవన్నీ మాత్రం ప్రభుత్వ ఉత్తర్వులతోనే నడిచాయి. అక్టోబరు 16న కొత్త షాపులు తెరుచుకున్నాయి.

ఇప్పుడు మసీదు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో చేసిన షాపు లైసెన్సు నిబంధనల ప్రకారం ప్రార్థనా స్థలానికి, విద్యా సంస్థకి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు షాపు పెట్టకూడదు. చదవాల్సింది దాని కింద ఉన్న వివరణ. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి. మసీదు అంటే వక్ఫ్ బోర్డులో నమోదైన మసీదు. స్కూలుకి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రికి కనీసం 30 పడకలు ఉండాలి. అంటే అద్దె గదిలోనో, రేకుల షెడ్డులోనో ఐదు పూటలా నమాజ్ జరుగుతున్నా, వక్ఫ్ రికార్డులో పేరు లేకపోతే ఆ రూల్ లెక్కలో అది మసీదు కాదు. గుర్తింపు లేని మదర్సాకూ అదే చిక్కు.

కొలతలో కూడా మెలిక ఉంది. కాకి ఎగిరినట్టు గీత గీసి కొలవరు. షాపు గుమ్మం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారిలో, మసీదు గేటు మధ్య వరకు కొలుస్తారు. ప్రహరీ లేకపోతే ద్వారం వరకు. గోడ అవతలే షాపు కనిపిస్తున్నా, గేటు వెనక వీధిలో ఉంటే నడక దారి 100 మీటర్లు దాటిపోవచ్చు. "కళ్ల ముందే ఉంది కదా సాబ్" అనే వాదన అక్కడ నిలబడదు.

హైవే లెక్క వేరు. అది సుప్రీంకోర్టు పెట్టింది. 2016 డిసెంబరు తీర్పులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లు అంది. 2017 మార్చిలో, 20 వేలు లేదా అంతకంటే తక్కువ జనాభా ఉన్న చోట్ల 220 మీటర్లకు తగ్గించింది.

రూల్ ఎంత గట్టిగా ఉన్నా టేపు పట్టుకుని కొలిచే మనిషి కావాలి. ఆ మనుషుల కథ ఈ మధ్య బాగా అటూ ఇటూ అయింది. 2020 మేలో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టి, ఎక్సైజ్ సిబ్బందిలో సుమారు 70 శాతం మందిని అందులోకి పంపారు. సారా, అక్రమ మద్యం కేసులు ఒకరి దగ్గర, లైసెన్సులు ఇంకొకరి దగ్గర అయ్యాయి. ఫిర్యాదు ఎవరికివ్వాలో మామూలు జనానికి తెలియని రోజులవి. 2024 సెప్టెంబరులో బ్యూరోని రద్దు చేసి వాళ్లను సొంత శాఖకు తెచ్చారు. మరోవైపు ప్రభుత్వ షాపుల్లో కాంట్రాక్టు మీద తీసుకున్న సూపర్‌వైజర్లు, సేల్స్‌మెన్ వేలమంది, షాపులు ప్రైవేటు చేతికి పోగానే రోడ్డున పడ్డారు. వాళ్లవి శాఖలోని మంజూరు పోస్టులు కావు, అదే తేడా. శాఖ ఎస్సై పోస్టులు ఏపీపీఎస్సీ గ్రూప్-2 ద్వారా నింపుతారు, అవి ప్రభుత్వం మారితే పోయేవి కావు.

షాపు మీద అభ్యంతరం ఉంటే కాగితం వెళ్లాల్సింది జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారికి. అచ్యుతాపురం వాళ్లకు 2022 ఏప్రిల్ నుంచి జిల్లా అనకాపల్లి, విశాఖ కాదు. అర్జీతో పాటు వక్ఫ్ నమోదు కాగితం నకలు పెట్టాలి. తమ ఎదుటే దూరం కొలవమని రాతపూర్వకంగా అడగాలి. లైసెన్సు ఇచ్చేముందు రాసిన తనిఖీ నివేదికను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లైసెన్సే లేని బెల్టు షాపైతే ఈ కొలతలతో పనే లేదు, అది ఎక్కడున్నా నేరమే.

2024లో ఇచ్చిన లైసెన్సులు రెండేళ్లకే. కొత్త లాటరీకి ముందే ముతవల్లి బీరువాలో ఆ వక్ఫ్ కాగితం ఉందో లేదో చూసుకుంటే మంచిది.