‘ఆఫ్’ అంటే ఆరిపోవడమేనా?

సింగరేణి ఇళ్లలో ఇంగ్లిష్ మాటలు కొత్త కాదు. షిఫ్టు, మస్టర్, ఇంక్లైన్, క్యాప్ ల్యాంప్... ఇవన్నీ పిల్లలు బడికి వెళ్లకముందే వినేస్తారు. ఇల్లెందులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. బొగ్గుతో పాటే ఆ భాషా వచ్చింది. విడివిడిగా ఉన్నంతసేపు మాటలతో బాధ లేదు. రెండు జట్టు కట్టాయా... తికమకే!

‘ద లైట్ వెంట్ ఆఫ్’ అంటే దీపం ఆరింది. మరి ‘ద షాట్ వెంట్ ఆఫ్’ అంటే? ఆగిపోయిందని కాదు, పేలిందని! గనిలో బొగ్గు పేల్చేటప్పుడు ఎన్ని షాట్లు పెట్టారో, ఎన్ని పేలాయో లెక్క చూసుకుంటారు. పేలకుండా మిగిలితే అది ‘మిస్‌ఫైర్’. దాని సంగతి తేలకుండా అక్కడ పని చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అలాంటి చోట ‘ఆఫ్’ను తప్పుగా అర్థం చేసుకుంటే ఎంత ముప్పు!

‘గో’ తెలుసు, ‘ఆఫ్’ తెలుసు. కలిస్తే అర్థమే మారిపోయింది. ఇలాంటివే ఫ్రేజల్ వెర్బ్స్. మనకూ ఉన్నాయిగా! ‘చేయి చేసుకున్నాడు’ అంటే కొట్టాడని. గోదావరిఖనిలో ‘బాయి దిగిండు’ అంటే నీళ్ల బావిలోకి కాదు, గనిలో డ్యూటీకి వెళ్లాడని.

ప్రిపోజిషనల్ ఫ్రేజ్ దారి వేరు. ‘ఇన్ ద మైన్’, ‘ఎట్ ద గేట్’... ఇక్కడ చిన్నమాట క్రియతో కాదు, తర్వాత వచ్చే పేరుతో జత కడుతుంది. మనం ‘గనిలో’, ‘గేటు దగ్గర’ అని పేరు వెనక చేరుస్తాం. ఇంగ్లిష్‌లో అది ముందుంటుంది. తేడా అంతే.

రెండింటినీ పోల్చుకోవడం ఎలా? ‘లుక్డ్ అప్ ద షాఫ్ట్’ అంటే షాఫ్ట్‌లోంచి పైకి చూడటం. ‘లుక్డ్ అప్ ద వర్డ్’ అంటే నిఘంటువులో మాట వెతకడం. పేరు తీసేసి ‘ఇట్’ పెట్టండి. మాట విషయంలో ‘లుక్డ్ ఇట్ అప్’ అనొచ్చు. షాఫ్ట్ విషయంలో అలా కుదరదు. ‘ఇట్’ మధ్యలో ఇమిడితే అది ఫ్రేజల్ వెర్బే. అయితే అన్నీ ఇలా విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూసుకోవడం. అక్కడ ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనే అనాలి.

జాబితాలు బట్టీ పట్టడం కన్నా, ఒక్కోదానికి ఇంట్లో మాట్లాడుకునే వాక్యం రాసుకోవడం మేలు. హెల్మెట్ పెట్టుకోవడం ‘పుట్ ఆన్’. తీయడం ‘పుట్ ఆఫ్’ కాదు, ‘టేక్ ఆఫ్’. మంట ఆర్పడం ‘పుట్ అవుట్’. మరి ‘పుట్ ఆఫ్’? వాయిదా వేయడం. నేర్చుకునే పనిని మాత్రం ‘పుట్ ఆఫ్’ చేయకండి!