తాళమునకు అడుగు కలియుటెట్లు?

విశాలమైన గదిలో సంగీతము మ్రోగుచుండును. శిక్షకురాలు ముందు నిలిచి అడుగులు వేయుచుండగా, ఇరువది ముప్పది మంది ఆమెను చూచి అదే విధముగా కదలుచుందురు. దీనినే సామూహిక నృత్యవ్యాయామ మందురు. ఏరోబిక్స్ అనియు, జుంబా అనియు, ఇంకను వేర్వేరు పేర్లతోను ఇది నేడు అనేక పట్టణములలో వ్యాప్తిలో ఉన్నది. ఇందులో కొత్తగా చేరినవారి పాట్లు చెప్పనలవి కావు. అందరును కుడికాలు ఎత్తినప్పుడు వారికి ఎడమకాలు లేచును. ఆ తప్పు దిద్దుకొనునంతలో తక్కినవారు తరువాతి అడుగులోనికి పోయియుందురు. చేతులను గమనించినచో కాళ్లు ఆగిపోవును. కాళ్లను గమనించినచో చేతుల మాట మరపునకు వచ్చును. రెండు మూడు దినములిట్లు గడచిన పిమ్మట, తమ ఒంటిలో తాళము లేదని నిశ్చయించుకొని కొందరు మానివేయుదురు.

ఈ నిశ్చయము సరియైనదేనా? శరీరమునకు మేలుచేయు వ్యాయామమును ఈ ఒక్క కారణముచే వదలుకొనుట చిన్న నష్టము కాదు. తడబాటునకు మూలము పుట్టుకలో ఉన్నదో, అభ్యాసక్రమములో ఉన్నదో తెలిసికొనిన యెడల ఆ నష్టమును చాలవరకు తప్పించుకొనవచ్చును.

ఈ వ్యాయామము పుట్టిన విధము

అమెరికా వైమానికదళములో వైద్యుడైన కెన్నెత్ కూపర్ 1968లో ‘ఏరోబిక్స్’ అను గ్రంథమును ప్రకటించి, గుండెకును ఊపిరితిత్తులకును బలమిచ్చు వ్యాయామములను గూర్చి సామాన్యులకు తెలియజేసెను. మరుసటి సంవత్సరమున జాకీ సోరెన్సెన్ అను నర్తకి ఈ భావమును నృత్యముతో జోడించెను. అదే 1969లో ఇల్లినాయ్ రాష్ట్రములోని ఎవాన్‌స్టన్ పట్టణమున జూడీ షెపర్డ్ మిస్సెట్ జాజ్ నృత్యమును నేర్పుచుండెను. ఆమె తరగతికి వచ్చు స్త్రీలు కొద్దికాలమునకే మానుచుండిరి. వారు రంగస్థలముపై ఆడవలెనని వచ్చినవారు కారు. శరీరము చక్కబడిన చాలునని వచ్చినవారు. ఇది గ్రహించి ఆమె వారిని అద్దములవైపునుండి త్రిప్పి నిలిపి, అడుగులను సులభము చేసెను. తరగతి నిలిచినది. అదియే తరువాత జాజర్‌సైజ్ అను పేర ప్రసిద్ధికెక్కెను. 1990 తరువాతి దశకములో కొలంబియా దేశపు కాలీ నగరమునకు చెందిన ఆల్బెర్తో పేరెజ్ సాల్సా, మెరెంగే మొదలగు లాటిన్ అమెరికా నృత్యములను వ్యాయామముతో కలిపి, నేటి జుంబాకు రూపమిచ్చెను.

నూతనాభ్యాసకులు విసిగి మానుట ఈ వ్యాయామముతో పాటే పుట్టిన సమస్య యని దీనినిబట్టి తెలియుచున్నది. మిస్సెట్ దానిని మనుష్యులను ఏరుకొని పరిష్కరింపలేదు. నేర్పు పద్ధతిని మార్చి పరిష్కరించెను.

అర సెకండులో జరుగవలసిన పని

ఇట్టి తరగతులలో వాడు సంగీతము సాధారణముగా నిమిషమునకు 120 దెబ్బలు గాని, అంతకు కొంత హెచ్చుగా గాని నడచును. 120 దెబ్బలనగా ఒక దెబ్బకును మరియొక దెబ్బకును మధ్య అర సెకండు మాత్రమే వ్యవధి. ఈ వ్యవధిలో కన్ను శిక్షకురాలి కదలికను చూడవలెను. మెదడు అది యేమో గుర్తింపవలెను. తగిన ఆజ్ఞ వెన్నుపాము గుండ కండరములకు పోవలెను. పిమ్మట కాలు కదలవలెను.

కంటికి కనబడిన ఒక సంకేతమునకు ముందుగా నిర్ణయమైన ఒకే పనితో ప్రతిక్రియ చూపుటకు మనుష్యునకు సుమారు 0.2 సెకండు పట్టును. దీనిని పాఠశాలలోనే కొలువవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల కొలబద్దను నిలువుగా పట్టుకొని హఠాత్తుగా వదలవలెను. రెండవ విద్యార్థి దాని అడుగుకొన వద్ద వ్రేళ్లు తెరచి యుంచి, పడుచున్న కొలబద్దను పట్టుకొనవలెను. 20 సెంటీమీటర్ల వద్ద పట్టుకొనినచో, స్వేచ్ఛాపతన సూత్రము ననుసరించి అతని ప్రతిక్రియా కాలము సుమారు 0.2 సెకండు.

కాని నృత్యములో రాగల అడుగు ఒక్కటి కాదు. ముందుకా, వెనుకకా, ప్రక్కకా, మోకాలెత్తుటయా అని మెదడు ఎంచుకొనవలెను. ఎంపికలు పెరిగినకొలది ప్రతిక్రియా కాలము కూడ పెరుగునని విలియం హిక్ 1952లో ప్రయోగములచే చూపెను. అట్లు ఎంచుకొనిన పిమ్మట కాలు కదలుటకు మరికొంత కాలము కావలెను. ఇంతలో తరువాతి దెబ్బ పడిపోవును. కావున ప్రతి అడుగును చూచి, తరువాత వేయదలచినవాడు ఎంత చురుకైనవాడైనను వెనుకబడియే తీరును.

మరి అనుభవజ్ఞులు ఎట్లు కలిసి వేయుచున్నారు? వారి ప్రతిక్రియ వేగమైనదని కాదు. వచ్చు అడుగు వారికి ముందుగనే తెలియును. క్రమముగా కొట్టుచున్న మెట్రోనోముతో కలిసి వ్రేలితో బల్లపై కొట్టుమన్నప్పుడు, చాలమంది దెబ్బ వినబడుటకు కొన్ని వందవ వంతుల సెకండు ముందే కొట్టుదురు. మెదడు శబ్దమునకై కాచుకొని యుండక, అది రాబోవు క్షణమును ఊహించుచున్నదని దీనివలన స్పష్టమగుచున్నది. తాళమును పట్టుట యనగా ఊహించుటయే.

ఎనిమిదేసి లెక్క

ఆ ఊహకు ఆధారము సంగీతములోనే ఉన్నది. ఈ తరగతుల సంగీతము చాలవరకు నాలుగేసి దెబ్బలుగా నడచును. రెండు నాలుగులు కలిసి ఎనిమిది. అట్టి నాలుగు ఎనిమిదులు కలిసి 32 దెబ్బల ఖండము. అడుగుల మార్పు సాధారణముగా ఎనిమిదవ దెబ్బ ముగిసి మరల ఒకటి వచ్చుచోట జరుగును. నేర్పుగల శిక్షకురాలు రాబోవు మార్పును నాలుగు దెబ్బలకు ముందే నోటితోనో, చేతిసైగతోనో తెలియజేయును. అనగా అభ్యాసకునకు అర సెకండునకు బదులు రెండు సెకండ్ల వ్యవధి దొరకును. కొత్తవారు మొదట నేర్వవలసినది ఈ ‘ఒకటి’ ఎక్కడ పడునో వినిపెట్టుటయే. ఆదితాళమునకు చేయి వేయుట ఎరిగినవారికి ఎనిమిది లెక్కించుట కొత్త గాదు.

రెండవ చిక్కు జ్ఞాపకమునకు సంబంధించినది. ఒకే పర్యాయము మనస్సులో నిలుపగల అంశములు సుమారు ఏడని జార్జి మిల్లర్ 1956లో వ్రాసెను. నాలుగు మాత్రమే యని నెల్సన్ కోవన్ 2001లో వాదించెను. ఏ సంఖ్య సరియైనను, 32 విడివిడి కదలికలు అందులో ఇముడవు. అయితే మిల్లరే చూపినట్లు, చిన్న అంశములను మూటగా కట్టుకొనినచో మూట యంతయు ఒకే అంశముగా నిలుచును. అక్షరములు నేర్చుచున్న బాలుడు ‘క’, ‘మ’, ‘ల’, ‘ము’ అని కూడబలుకుకొనును. చదువ నేర్చినవానికి ‘కమలము’ అని ఒక్క మాటయే కనబడును.

నృత్యవ్యాయామములోని అక్షరములు మిక్కిలి కొన్నియే: నిలిచినచోటనే కవాతు; ప్రక్కకు అడుగు వేసి రెండవ కాలిని చేర్చుట; మోకాలెత్తుట; ఒక కాలిని వెనుకగా దాటించుచు ప్రక్కకు మూడడుగులు నడచి నాలుగవ దెబ్బకు కాళ్లు చేర్చుట; ముందుకు రెండడుగులు విశాలముగా వేసి మరల వెనుకకు వచ్చుట. ఈ అయిదింటిని ఇంటివద్ద నెమ్మదిగా సాధించినవానికి తరగతిలోని 32 దెబ్బలు నాలుగైదు మూటలుగా కనబడును. లండనులో బాలే నర్తకులపైనను, కపోయిరా అభ్యాసకులపైనను జరిపి 2005లో ప్రకటించిన పరిశోధనలో, తాము నేర్చిన నృత్యమును చూచునప్పుడు వారి మెదడులో చలనమునకు సంబంధించిన భాగములు ఎక్కువగా పనిచేసినవి. నేర్చిన అడుగును చూచుట వేరు, నేర్వని అడుగును చూచుట వేరు.

కుడి ఎడమల చిక్కు

ఒక ఆకారమును మనస్సులో త్రిప్పి చూచుటకు పట్టు కాలము, త్రిప్పవలసిన కోణముతో పాటు పెరుగునని షెపర్డ్, మెట్జ్‌లర్ అను శాస్త్రజ్ఞులు 1971లో కనుగొనిరి. ఎదురుగా నిలిచిన శిక్షకురాలి కుడికాలిని తన కుడికాలిగా మార్చుకొనదలచినవాడు ఈ శ్రమకు లోనగును. అందుచేతనే శిక్షకులు ఎదురుగా నిలిచినప్పుడు అద్దములోని ప్రతిబింబమువలె ఆడుదురు. అభ్యాసకుల కుడికి తమ ఎడమను కదల్తురు. కావున కుడి ఎడమల పేర్లను విడిచి, ఆమె కిటికీవైపు కదలినచో తానును కిటికీవైపే కదలుట సుళువు.

బిగిసిన కీళ్లు

కొత్తవారి శరీరము కర్రవలె బిగిసియుండుట లోపము గాదు. కీళ్లన్నిటి స్వేచ్ఛను ఒకేసారి అదుపు చేయలేక మెదడు మొదట కొన్నిటిని బిగించి యుంచుననియు, నేర్పు పెరిగినకొలది ఒక్కొక్కటే సడలించుననియు రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ వివరించెను. దీనినిబట్టి చూడగా కాళ్లు ముందు, చేతులు తరువాత అనునదే సరియైన క్రమము. మొదటి వారములలో చేతులను నడుమునకు చేర్చి కాళ్లతో మాత్రమే తాళము కలిపినను వ్యాయామఫలము చాలవరకు దక్కును.

ఫిట్స్, పోస్నర్ అనువారు 1967లో నైపుణ్యార్జనను మూడు దశలుగా విభజించిరి. మొదటి దశలో ప్రతి కదలికను ఆలోచించి చేయవలెను; రెండవ దశలో తప్పులు తగ్గును; మూడవ దశలో ఆలోచన లేకయే పని సాగును. ఇట్టి నేర్పు మాటలలో చెప్పగల జ్ఞాపకమునకు భిన్నమైనది. 1953లో జరిగిన శస్త్రచికిత్సవలన కొత్త విషయములేవియు గుర్తుంచుకొనలేని ఒక రోగిచే బ్రెండా మిల్నర్ అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయించెను. ముందు దినమున గీసిన సంగతి అతనికి జ్ఞప్తి లేదు. అయినను దినదినమునకు అతని గీతలో తప్పులు తగ్గెను. 1962లో ప్రకటితమైన ఈ పరిశీలన, చేతల జ్ఞాపకము వేరని తెలిపెను. చిన్నమెదడు, మెదడు లోపలి కేంద్రకములు ఇందులో ముఖ్యపాత్ర వహించును. వీటికి ఉపన్యాసముకన్న పునరావృత్తి ముఖ్యము.

నలుగురి చూపు

ఇతరులు చూచుచున్నప్పుడు బాగుగా వచ్చిన పని మరింత బాగుగా సాగుననియు, ఇంకను నేర్చుచున్న పని చెడుననియు రాబర్ట్ జాయన్స్ 1965లో ప్రతిపాదించెను. ఒంటరిగా వచ్చిన అడుగు తరగతిలో తప్పుటకు ఇదొక కారణము. అయితే తన తప్పును అందరును గమనించుచున్నారను భయములో అతిశయోక్తి కలదు. 2000లో ప్రకటితమైన ఒక ప్రయోగములో, ధరించుటకు సిగ్గుపడదగు బొమ్మగల చొక్కా తొడిగి విద్యార్థులను ఒక గదిలోనికి పంపిరి. గదిలోనివారిలో దాదాపు సగముమంది బొమ్మను గుర్తించి యుందురని వారు తలచిరి. నిజముగా గుర్తించినవారు నాలుగవ వంతు మాత్రమే. నృత్యతరగతిలో ప్రతివాని దృష్టియు శిక్షకురాలి పాదములపైననే ఉండును.

సిగ్గుచే చివరి వరుసలో నిలుచుటయు లాభము కాదు. తరగతి వెనుకకు తిరిగినప్పుడు చివరి వరుసయే మొదటి వరుస యగును. అప్పుడు ముందు చూచుటకు ఎవరును ఉండరు. శిక్షకురాలి పాదములు కనబడు నడిమి వరుస కొత్తవారికి అనువైనది.

అభ్యాసక్రమము

అడుగు తప్పినప్పుడు నిలిచిపోరాదు. నిలిచినచోటనే తాళమునకు కవాతు చేయుచు, మరల ‘ఒకటి’ వచ్చినప్పుడు వరుసలో కలియవలెను. ఇందులో ఆరోగ్యసూత్రము కూడ కలదు. తీవ్రముగా కదలుచున్నవారు హఠాత్తుగా ఆగినచో రక్తము కాళ్లలో నిలిచి తల తిరుగవచ్చును. నడకవంటి కదలిక దానిని గుండెవైపు నెట్టును.

కూచిపూడి అభ్యాసములో ఒకే అడవును మూడు కాలములలో, మొదట విలంబముగా, పిదప దానికి రెట్టింపు వేగముతో, తరువాత నాలుగింతల వేగముతో సాధింతురు. నృత్యవ్యాయామమునకును ఇదియే తగిన మార్గము. ఒకే దినమున గంటసేపు శ్రమించుటకన్న మూడు దినములు ఇరువదేసి నిమిషములు అభ్యసించుట మేలు. మాటాడగలిగియు పాడలేనంత ఆయాసమున్నచో శ్రమ మధ్యస్థముగా నున్నదని గుర్తు. గుండెజబ్బు, మోకాళ్లనొప్పి మొదలగునవి కలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యస్థ శ్రమయు, 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల కదలికయు అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది.

పాఠశాలలలో సామూహిక కవాతును నేర్పు ఉపాధ్యాయులకు కూడ ఈ విషయములు పనికివచ్చును. 32 దెబ్బల వరుసనంతటిని ఒకేసారి చూపక, మొదటి ఎనిమిదిని నేర్పి, రెండవ ఎనిమిదిని నేర్పి, రెంటిని కలిపి, అటుపిమ్మట మూడవదానికి పోవలెను. మార్పును నాలుగు దెబ్బల ముందు చెప్పవలెను. అడుగు తప్పిన బాలుని ముందునకు పిలిచి ఒంటరిగా చేయించిన యెడల అందరి చూపువలన అతని తప్పులు పెరుగునే గాని తగ్గవు. అడుగు వచ్చిన ఇద్దరి నడుమ అతనిని నిలిపి, చేతులు విడిచి కాళ్లతో మాత్రమే కొన్ని దినములు చేయించినచో, తనకు తాళము రాదను తలంపు అతనిలో వేరూనకుండును.